పైసా ఖర్చు లేని ప్రచారం: చిన్న లారీ యజమాని ముందున్న దారులు

ఒకటో రెండో లారీలున్న మనిషికి ప్రచారంతో పనేముందని అడిగేవాళ్లు లారీ రంగంలోనే ఎక్కువ. బండి రోడ్డెక్కితే లోడు అదే వస్తుందనీ, బ్రోకర్ ఉన్నంతకాలం మన పేరు ఎవరికి తెలిసి ఏం ప్రయోజనమనీ అంటారు. దేశంలో తిరుగుతున్న లారీల్లో అధిక భాగం ఐదుకు మించి బండ్లు లేని యజమానులవే. వీళ్లకు తాము మోస్తున్న సరుకు ఎవరిదో తెలియదు. ఆ సరుకు యజమానికి బండి ఎవరిదో తెలియదు. ఇద్దరూ ఒకరికొకరు తెలియకపోవడం వల్లే మధ్యలో కమీషన్ పుడుతుంది, ఒక్కోసారి రెండు మూడు చేతులకు పంచేంత పుడుతుంది. అందుకే చిన్న యజమాని చేసే ప్రచారాన్ని నేను ఒకే కొలతతో చూస్తాను: దానివల్ల సరుకున్నవాడికీ బండి ఉన్నవాడికీ మధ్య మనుషులు తగ్గారా, లేదా?

డబ్బు లెక్క ముందే చూసుకుంటే మంచిది. విజయవాడ నుంచి హైదరాబాద్ సుమారు 275 కిలోమీటర్లు. సరుకు దింపి ఖాళీగా తిరిగొచ్చే పది టైర్ల లారీ లీటరుకు ఐదు కిలోమీటర్లు ఇచ్చినా 55 లీటర్ల డీజిల్ పోతుంది. లీటరు 95 రూపాయల లెక్కన 5 వేలు దాటుతుంది. టోలు, డ్రైవర్ బత్తా, టైర్ల అరుగుదల దీనికి అదనం. నెలలో నాలుగు ఖాళీ రాకలు తగ్గితే డీజిల్‌లోనే 20 వేలు మిగులుతాయి. ఒక్క లారీ మీద బతికే కుటుంబానికి అది బండి వాయిదాలో మంచి భాగం. పేరు నలుగురికీ తెలియాలన్న తాపత్రయానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదే.

ఉన్నవాటిలో పాత దారి అసోసియేషన్, బ్రోకర్. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లారీ యజమానుల సంఘాలు దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. చాలా సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర, రేవుల దగ్గర స్థానిక సంఘాలు సీరియల్ పద్ధతి పెట్టి, వరుస ప్రకారం లోడు ఇప్పిస్తాయి. కొత్తగా బండి కొన్నవాడికి ఇది పెద్ద ఆసరా. ఎవరినీ బతిమాలకుండా వంతు వస్తుంది. అయితే వరుసలో నిలబడ్డవాడికి పేరుండదు, నంబరే ఉంటుంది. బాగా నడిపినవాడికీ నిర్లక్ష్యంగా నడిపినవాడికీ అదే వంతు, అదే బాడుగ. పైగా ఒకే ఫ్యాక్టరీ మీద ఆధారపడితే ఏమవుతుందో 2022 డిసెంబరులో హిమాచల్ ప్రదేశ్‌లో తేలింది. బాడుగ రేట్ల వివాదంలో అక్కడి దార్లాఘాట్, బర్మానా సిమెంటు ఫ్యాక్టరీలు దాదాపు రెండు నెలలు మూతపడ్డాయి. వాటినే నమ్ముకున్న వేలాది లారీలు కదలకుండా నిలిచిపోయాయి. సంఘంలో సభ్యత్వం ఉండాల్సిందే. అక్కడితో ఆగిపోకూడదు.

బ్రోకర్ విషయంలో లారీవాళ్లకున్న కోపం నాకు తెలుసు, అందులో న్యాయమూ ఉంది. కానీ బ్రోకర్ అమ్ముతున్నది నమ్మకం. కొత్త ఊరిలో మిల్లు యజమాని ముక్కూ మొహం తెలియని బండికి పది లక్షల సరుకు ఎక్కించాలంటే ఎవరో ఒకరు పూచీ పడాలి. ఆ పూచీకే కమీషన్. దాన్ని తప్పించుకోవాలంటే ఆ పూచీ యజమాని తానే ఇవ్వగలగాలి. దీన్ని చాలామంది వదిలేసి, రంగుల పోస్టర్ల వెంట పడుతున్నారు.

రంగు మాట వచ్చింది కనుక బండి ఒంటి మీద రాత గురించి. ఉచిత ప్రచారాల్లో దీనికంటే తక్కువగా వాడుకుంటున్నది మరొకటి లేదు. దేవుడి పేరు, పిల్లల పేర్లు, వెనకాల ఒక సినిమా మాట ఉంటాయి. ఉండనివ్వండి, అవి యజమాని మనసుకు సంబంధించినవి. కానీ క్యాబిన్ తలుపు మీద చదవగలిగే సైజులో నాలుగు వివరాలు ఉండాలి: యజమాని లేదా సంస్థ పేరు, ఊరు, సెల్ నంబరు, తరచుగా తిరిగే రూటు. రూటు రాసేవాళ్లు చాలా అరుదు. ‘గుంటూరు - కోల్‌కతా’ అని రాసి ఉన్న బండి కాటా దగ్గర నిలబడితే, అటువైపు సరుకు పంపాల్సిన గుమాస్తా నంబరు రాసుకుంటాడు. ‘ఆల్ ఇండియా పర్మిట్’ అని రాసి ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు, అది అన్ని బండ్ల మీదా ఉంటుంది. ఎలాగూ ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) ముందు బండికి రంగు వేయిస్తారు కాబట్టి ఈ రాతకు విడిగా ఖర్చు ఉండదు. రిఫ్లెక్టర్ టేపునూ నంబరు ప్లేటునూ కప్పకుండా చూసుకుంటే చాలు.

ఇక ఫోను. వాట్సాప్ బిజినెస్ యాప్ మన దేశంలో 2018 జనవరిలో వచ్చింది, ఉచితం. అందులో బండి ఫొటోలు, ఎన్ని టన్నులు, ఎన్ని అడుగుల డాలా, ఏ రూట్లు అన్నవి ఒక కేటలాగ్‌గా పెట్టుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చి ఒకేసారి సందేశం పంపవచ్చు. ఒక షరతు ఉంది, చాలామంది దీన్ని గమనించరు: మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. అందువల్ల మిల్లుకో యార్డుకో వెళ్లినప్పుడు విజిటింగ్ కార్డు చేతిలో పెట్టి రావడంకంటే, అక్కడి గుమాస్తా ఎదుటే నంబరు సేవ్ చేయించి ఒక మిస్డ్ కాల్ ఇచ్చి రావడం వెయ్యిరెట్లు మేలు. రోజూ ‘శుభోదయం’ బొమ్మలు పంపేవాడి నంబరును జనం మ్యూట్ చేస్తారు. ‘రేపు సాయంత్రం మా పది టైర్ల బండి నాగపూర్‌లో ఖాళీ అవుతుంది’ అన్న ఒక్క వాక్యం వారానికి రెండుసార్లు వచ్చినా దాన్ని చదివేవాళ్లుంటారు.

వాట్సాప్‌లోని లోడు గ్రూపుల సంగతి వేరు. ఒకే లోడును నలుగురు బ్రోకర్లు నాలుగు రేట్లతో పెడుతుంటారు. బజారులో బాడుగ ఎంత నడుస్తోందో తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి. అంతకుమించి ఆశించకూడదు.

గూగుల్ మ్యాప్స్‌లో వ్యాపారం నమోదు చేసుకోవడానికీ పైసా అక్కర్లేదు. ఆఫీసు లేనివాళ్లు ఇంటి చిరునామా బయటపెట్టకుండా, ఏయే ప్రాంతాల్లో పనిచేస్తామో మాత్రమే చూపించే వీలుంది. ఇది ఎవరికి ఉపయోగమన్నది ఆలోచించాలి. మిర్చి వ్యాపారి గూగుల్‌లో లారీ వెతకడు, ఎన్నో ఏళ్లుగా తెలిసినవాడికి ఫోను చేస్తాడు. ఇల్లు మారేవాళ్లు, ఒక్కసారి యంత్రం తరలించాల్సిన చిన్న పరిశ్రమవాళ్లు, పెళ్లి సామాను పంపేవాళ్లు మాత్రం వెతుకుతారు. కాబట్టి టాటా ఏస్, బొలెరో పికప్, 14 అడుగుల ఐషర్ లాంటి బండ్లున్నవాళ్లకు మ్యాప్స్ నమోదు వల్ల నేరుగా పని దొరుకుతుంది. పెద్ద లారీవాళ్లకు అది గుర్తింపు కార్డులా పనిచేస్తుంది: పేరు విన్న కంపెనీవాడు ఒకసారి వెతికి, ఉన్నట్టు రూఢి చేసుకుంటాడు. సమీక్షలు మాత్రం నిజంగా పని చేయించుకున్నవాళ్ల చేతే రాయించాలి. డబ్బో తగ్గింపో ఇచ్చి రాయించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం.

లోడు యాప్‌ల మీద గత పదేళ్లలో చాలా ఆశలు పెరిగాయి. వాటిలో పెద్దదైన బ్లాక్‌బక్ 2015లో మొదలై 2024 నవంబరులో స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. ఆ సంస్థ ఆదాయంలో ప్రధాన భాగం ఫాస్టాగ్ చెల్లింపులు, జీపీఎస్ సేవల నుంచి వస్తోంది. లారీనీ లోడునూ కలపడం పెద్ద సంస్థలకే ఇంకా అంత తేలిక కాలేదని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. యాప్‌లో లోడు కనిపించగానే పదిమంది ఫోను చేస్తారు, అందులో అందరికంటే తక్కువ అడిగినవాడికి బాడుగ దక్కుతుంది. దూరపు ఊర్లో చిక్కుకున్నప్పుడు తిరుగు లోడు కోసం యాప్ వాడుకోవడం తెలివైన పని. ఊర్లో ఉండి ప్రతి లోడుకూ దాని మీదే ఆధారపడితే పేరు యాప్‌కు వస్తుంది, యజమానికి రాదు. ఇంకో హెచ్చరిక: లోడు ఇస్తాం, ముందు గేట్ పాస్ కోసమో రిజిస్ట్రేషన్ కోసమో కొంత పంపండని అడిగేవాళ్లకు డబ్బు పంపవద్దు. సరుకు యజమాని లారీవాడికి అడ్వాన్సు ఇస్తాడు, లారీవాడి దగ్గర తీసుకోడు.

యూట్యూబ్ గురించి యువ యజమానులు ఉత్సాహంగా అడుగుతుంటారు. ఝార్ఖండ్‌కు చెందిన లారీ డ్రైవర్ రాజేశ్ రవానీ దారిలో వంట చేస్తూ తీసిన వీడియోలతో దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు, ఆ ఆదాయంతో ఇల్లు కట్టుకున్నాడు. తెలుగులోనూ లారీ ప్రయాణాల వీడియోలకు ఆదరణ ఉంది. డ్రైవర్ బతుకును లక్షలమందికి చూపించిన ఆ పనిని నేను గౌరవిస్తాను. అయితే ఆ ప్రేక్షకుల్లో సరుకు పంపేవాళ్లు ఎందరు? వీడియోలు తీయడం వేరే వృత్తి, దానికి వేరే శ్రమ కావాలి. లోడు కోసం వీడియో తీయాలనుకుంటే రెండు నిమిషాల్లో పట్టా ఎలా కప్పుతామో, తాడు ఎలా బిగిస్తామో, వానలో సరుకు తడవకుండా ఏం చేస్తామో చూపించి, దాన్ని వ్యాపారికి వాట్సాప్‌లో పంపితే చాలు. చూసేది నలభైమందే అయినా వాళ్లంతా సరుకున్నవాళ్లే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చిన్న యజమానికి అన్నింటికంటే బలమైన ఉచిత ప్రచారం కాగితం. వినడానికి చప్పగా ఉండవచ్చు. కంపెనీలో లారీని ఎంపిక చేసేది పైనున్న మేనేజరని అనుకుంటాం, చాలాచోట్ల మాట చెల్లేది అకౌంటెంట్‌ది. ఏ బండి బిల్లు తలనొప్పి లేకుండా పాసవుతుందో ఆ బండిని మళ్లీ పిలవమని అతను చెబుతాడు.

మొదటిది సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్. 2020 జులై 1న మొదలైన ఈ నమోదు పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఇంటి నుంచే చేసుకోవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్ల టర్నోవరు, రెండున్నర కోట్ల పెట్టుబడి దాకా సూక్ష్మ సంస్థే కాబట్టి ఒకటి రెండు లారీలవాళ్లు అందరూ ఇందులోకి వస్తారు. దీనివల్ల బకాయి వసూలుకు చట్టం అండ దొరుకుతుంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. గడువులోగా చెల్లించని మొత్తాన్ని, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపాలన్న ఆదాయపు పన్ను నిబంధన కూడా వచ్చాక, కంపెనీల అకౌంటెంట్లే ఉద్యమ్ నంబరు అడిగి తీసుకుంటున్నారు. బిల్లు మీద ఆ నంబరు అచ్చువేయడమే ఒక పరిచయం.

రెండోది టీడీఎస్. పది లారీలకు మించని యజమాని పాన్‌తో పాటు ఒక డిక్లరేషన్ ఇస్తే బాడుగలో టీడీఎస్ కోయనక్కర్లేదు. ఆ డిక్లరేషన్‌ను ముందే సంతకం చేసి బండిలో ఉంచుకున్నవాడి దగ్గర అకౌంటెంట్‌కు పని తగ్గుతుంది.

మూడోది ఈ-వే బిల్లు. ఇది 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, 50 వేల రూపాయల విలువకు మించిన సరుకుకు తప్పనిసరి. 2021 నుంచి మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. దారిలో బండి పాడై సరుకు మరో బండిలోకి మార్చితే ఆ బిల్లు పార్ట్-బిలో కొత్త బండి నంబరు ఎక్కించాలి. గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల వరకు మాత్రమే పొడిగింపు దొరుకుతుంది. అర్ధరాత్రి ఏ టోల్ గేటు దగ్గరో ఈ గడువు తప్పితే జరిమానాతో పాటు సరుకు ఆగిపోతుంది. యజమాని ఇంట్లో ఫోను పట్టుకోగల ఒకరు, కొడుకైనా కూతురైనా భార్యైనా, ఈ పని నేర్చుకుంటే ఆ బండికి వ్యాపారుల్లో వచ్చే పేరు ఏ ప్రకటనకూ రాదు.

ఎల్‌ఆర్ (లారీ రసీదు) పుస్తకం విషయంలో మాత్రం తొందర వద్దు. క్యారేజ్ బై రోడ్ చట్టం 2007లో వచ్చింది, 2011 మార్చి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం సొంత రసీదు మీద సరుకు బుక్ చేసేవాళ్లు కామన్ క్యారియర్‌గా రిజిస్టర్ చేసుకోవాలి. జీఎస్టీలోనూ కన్‌సైన్‌మెంట్ నోట్ ఇచ్చేవాడినే రవాణా ఏజెన్సీగా చూస్తారు. సొంత బండిని ఏజెన్సీకి అద్దెకిచ్చే యజమానికి ఆ పన్ను లేదు. కాబట్టి ట్రాన్స్‌పోర్ట్ అని బోర్డు కట్టి, ఎల్‌ఆర్ పుస్తకం అచ్చేసే ముందు ఒక పన్ను సలహాదారును కలవాలి. నేరుగా కంపెనీలతో పని చేయాలంటే మాత్రం ఎప్పటికైనా ఈ మెట్టు ఎక్కక తప్పదు.

చివరి కాగితం డెలివరీ రసీదు. సరుకు దించగానే ముద్ర, సంతకం ఉన్న రసీదును అక్కడే ఫొటో తీసి పంపినవారికీ అందుకున్నవారికీ పంపాలి. అది ఆలస్యమైతే బాడుగ బ్యాలెన్సు కూడా ఆలస్యమవుతుంది. అరగంటలో ఫొటో వచ్చే బండిని పంపినవారు మరిచిపోరు.

కాగితం తర్వాత నా దృష్టిలో ముఖ్యమైనది సరుకునూ రూటునూ ఎంచుకోవడం. ‘ఏ సరుకైనా, ఎక్కడికైనా’ అనేవాడు ఎవరి ఫోనులోనూ ప్రత్యేకంగా ఉండడు. కోస్తా జిల్లాల్లో ప్రతి సరుకుకూ ఒక మర్యాద ఉంది. మిర్చి టిక్కీలకు తేమ తగలకూడదు. గుంటూరు యార్డులో సీజన్ ముదిరాక లారీలకు గిరాకీ పెరుగుతుంది, మే ఎండల్లో యార్డుకు సెలవులిచ్చినప్పుడు కోల్డ్ స్టోరేజీల నుంచి సరుకు కదులుతుంది. ఆ తేదీలు తెలిసినవాడే ముందుగా ఫోను చేయగలడు. ఆకివీడు, కైకలూరు నుంచి ఐసు వేసి హౌరాకు పోయే చేపకు గంటలే లెక్క. తణుకు వైపు గుడ్ల లోడుకు గతుకుల్లో బండి నడిపే చెయ్యి తెలియాలి. కడియం నర్సరీల మొక్కలకైతే గాలి కొట్టకుండా కప్పాలి, దారిలో నీళ్లు పట్టాలి. ఆ పని తెలిసిన డ్రైవర్ ఉన్న లారీని నర్సరీవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఒక సరుకులో నిలకడగా రెండు సీజన్లు చేసిన యజమాని గురించి ఆ వ్యాపారులే మాట్లాడతారు. కర్ణాటకలో విజయ్ సంకేశ్వర్ 1976లో గదగ్‌లో ఒక్క లారీతో మొదలుపెట్టి వీఆర్‌ఎల్‌ను దేశం ఎరిగిన సంస్థగా పెంచాడు. ప్రతి ఒక్కరూ అలా పెరగాలని కాదు, ఒక్క లారీతో మొదలైనవాడికీ పేరు నిలుస్తుందని చెప్పడానికే ఈ ఉదాహరణ.

తిరుగు లోడు దగ్గర తెలుగువాళ్లకు ఒక అదనపు బలం ఉంది. కోల్‌కతా దారిలో ఖరగ్‌పూర్‌లో రైల్వే వచ్చిన కాలం నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. భీవండీ మగ్గాల మీద, సూరత్ బట్టల మిల్లుల్లో తెలంగాణ నుంచి వెళ్లిన నేతన్నలు పనిచేస్తున్నారు. వాళ్లలో కొందరు సొంత యూనిట్లు పెట్టుకున్నారు. అక్కడ దిగినప్పుడు భాష తెలిసిన మనిషి చెప్పే ఒక్క మాట కొత్త గోడౌన్ తలుపు తెరిపిస్తుంది. ఒకే రూటులో తిరిగే ఇతర చిన్న యజమానులతో మాట కలుపుకోవడమూ అంతే అవసరం. నా బండి ఖాళీ లేనప్పుడు లోడు నీకు, నీది లేనప్పుడు నాకు అన్న అవగాహన ఉంటే, ‘బండి లేదు’ అన్న జవాబు వ్యాపారికి ఎన్నడూ వినపడదు. ఒక్క షరతు, ఇచ్చిన బాడుగలో కోత పెట్టకూడదు.

ఇన్ని చేసినా సరుకు ఎక్కేచోటా దిగేచోటా కనిపించేది డ్రైవరే. హమాలీలతో గొడవ పెట్టుకోని, తప్పు జరిగితే ముందే ఫోను చేసి చెప్పే డ్రైవర్‌కు బత్తా సకాలంలో ఇవ్వడం, అతని పేరు కూడా వ్యాపారికి పరిచయం చేయడం యజమాని ప్రచారంలో భాగమే. డ్రైవర్‌ను పేరుతో పిలిచే మిల్లులో ఆ లారీకి లోడు త్వరగా దొరుకుతుంది.

మొత్తం మీద నా తీర్పు ఇది. యాప్‌లు ఆపద్ధర్మం, వీడియోలు వేరే వృత్తి, సంఘం పునాది. కాగితం శుభ్రంగా ఉంచుకుని, ఒక సరుకు, ఒక రూటు పట్టుకుని, ఫోనుకు జవాబిచ్చే యజమానికి పైసా ఖర్చు లేకుండా పేరు వస్తుంది. దానికి ఒకటి రెండు సీజన్ల ఓపిక కావాలి. ఇందులో లారీ సంఘాలు చేయగలిగింది చాలా ఉంది. ప్రతి సంఘం ఆఫీసులో ఉద్యమ్ నమోదు, ఈ-వే బిల్లు నేర్పే ఒక బల్ల వేయాలి, సభ్యుల బండ్లను రూట్లవారీగా రాసిన ఒక జాబితాను వ్యాపారులకు పంచాలి. మిల్లు యజమానులకు, యార్డు వ్యాపారులకు ఒక విన్నపం: మీ సరుకు క్షేమంగా, చెప్పిన రోజుకు చేర్చిన లారీ యజమాని నంబరును మీకు తెలిసిన మరో వ్యాపారికి ఇవ్వండి, అతని బ్యాలెన్సును గడువులోపు చెల్లించండి.